అన్నిటిలో ఆచితూచి అడుగేసే మనిషి, డబ్బంతా తను పనిచేసే కంపెనీ షేర్లలోనే ఎందుకు ఉంచుతాడు?

లబ్బీపేట కోడలు:

మాది విజయవాడ. మా వారు ఒక ప్రైవేటు ఫైనాన్సు కంపెనీలో మా పెళ్లికి ముందు నుంచీ పనిచేస్తున్నారు. కంపెనీ పేరు చెప్పను. స్టాక్ మార్కెట్లో నమోదైనదే, మంచి పేరున్నదే.

ముందు ఆయన స్వభావం చెప్పాలి. మిక్సీ కొనాలంటే బెసెంట్ రోడ్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా ధరలు అడిగి ఇంటికి వచ్చేస్తారు, మర్నాడు వెళ్లి కొంటారు. కాళేశ్వరరావు మార్కెట్లో మామిడిపండ్లు ఒక్కొక్కటీ తొడిమ దగ్గర వాసన చూడనిదే సంచిలో వేయనివ్వరు. మా అన్నయ్య కంకిపాడు వైపు ఒక స్థలం చూపిస్తే 30 ఏళ్లకు ఈసీ తీయించి, లింకు డాక్యుమెంట్లలో ఒకటి కనిపించడం లేదని వదిలేశారు. ఆ స్థలం ధర తర్వాత ఎంత పెరిగిందో అన్నయ్య పండక్కి వచ్చినప్పుడల్లా గుర్తుచేస్తాడు. అయినా ఈయన చలించరు.

అలాంటి మనిషి దాచుకున్నదాంట్లో ముప్పాతిక వంతు ఆ ఒక్క కంపెనీ షేర్లే. ఈసాప్ అంటే ముందే రాసుకున్న ధరకు కంపెనీ షేర్లు తీసుకునే హక్కును ఉద్యోగికి ఇచ్చే పథకం, ఆ హక్కునే ఆప్షన్ అంటారు. ఏటా దాని కింద వచ్చినవి వచ్చినట్టే డీమ్యాట్ ఖాతాలో, అంటే షేర్లు ఉంచుకునే ఖాతాలో, పడి ఉన్నాయి. కిందటి ఏడాది కొన్ని ఆప్షన్లకు గడువు ముంచుకొచ్చింది. వాటిని షేర్లుగా మార్చుకోవాలంటే ముందు రాసుకున్న ధర కట్టాలి, పైగా పన్నూ కట్టాలి. చేతిలో అంత లేదు. నా గాజులు, చంద్రహారం గవర్నర్‌పేటలో ఒక బ్యాంకులో పెట్టి గోల్డ్ లోన్ తీసుకున్నాం. నేనే వెళ్లి సంతకం పెట్టాను, దాని గురించి నాకు ఫిర్యాదు లేదు.

నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పేపర్లు దిద్దుతూ ఊరికే ఒక కాగితం మీద రాసి చూశాను. జీతం ఆ కంపెనీది. పొదుపు ఆ కంపెనీ షేర్లు. ఇంటి అప్పు కూడా స్టాఫ్ వడ్డీకి ఆ కంపెనీ ఇచ్చిందే. ఉద్యోగం మానేస్తే మామూలు వడ్డీ పడుతుంది. కాగితం చూపిస్తే నవ్వారు. "లోపలి సంగతులు నాకు తెలుసు" అన్నారు. "ఇన్నేళ్లలో పడినప్పుడల్లా మళ్లీ లేచింది" అన్నారు. అమ్మితే పన్ను పోతుందన్నారు. చివరగా, "ఆఫీసులో అందరూ ఉంచుకున్నారు, నేనొక్కడినే అమ్మితే ఏం బాగుంటుంది?" అన్నారు.

ఆయన చేత ఎలా అమ్మించాలి అని నేను అడగడం లేదు. మామిడిపండు దగ్గర ఉన్న జాగ్రత్త ఇక్కడ ఎందుకు లేదు? ఇది మా ఇంట్లో మాత్రమేనా, అందరిళ్లలోనూ ఉందా? తెలిసినవారు చెప్పండి.


ఆటోనగర్:

ఇందులో వింత ఏముంది మేడమ్? నాకు లారీ బాడీలు కట్టే షెడ్డు ఉంది. నా డబ్బు, మా నాన్న డబ్బు, బ్యాంకు ఇచ్చిన డబ్బు అన్నీ ఆ షెడ్డులోనే ఉన్నాయి. నన్ను చూసి ఎవరూ "అయ్యో, అంతా ఒక్కచోటే పెట్టాడు" అనరు, వ్యాపారస్తుడు అంటారు. మీ ఆయన పొద్దుటి నుంచి రాత్రి దాకా చూసే కంపెనీని వదిలి, ముఖం కూడా తెలియని వాళ్ల కంపెనీలో పెట్టాలా? ఇన్ఫోసిస్ 1990లలో ఉద్యోగులకు షేర్లు ఇచ్చింది. అమ్మకుండా కూర్చున్న వాళ్లు ఏమయ్యారో అందరికీ తెలుసు. అక్కడ తొందరపడి అమ్మేసిన వాళ్ల కథ ఎవరూ చెప్పుకోరు.


బ్రాడీపేట నాలుగో లైను:

అమ్మా, మాది గుంటూరు. ప్రభుత్వ రంగ బ్యాంకులో రుణాల విభాగంలో చేసి రిటైరయ్యాను. మనుషుల ఆస్తిపాస్తుల పట్టికలు చదవడమే నా ఉద్యోగం. మీరు అడిగింది అందరిళ్లలోనూ ఉంది. జీతగాళ్లు అప్పుకు వస్తే పట్టికలో మొట్టమొదట రాసేది వాళ్ల కంపెనీ షేర్లే, అదీ ఆనాటి మార్కెట్ ధరకు, పైసలతో సహా.

ముందు ఆటోనగర్ గారికి. మీ షెడ్డు మీది. గిరాకీ తగ్గితే రేపే ఒక మిషను అమ్మేస్తారు, లారీ బాడీలు ఆపి ట్రాక్టర్ ట్రాలీలు కడతారు, కూలీ మేస్త్రీతో మీరే మాట్లాడుకుంటారు. తాళంచెవి మీ మొలలో ఉంది. ఈ అమ్మాయి భర్తకు యజమానికి ఉండే నష్టభయం అంతా ఉంది, యజమాని అధికారం వీసమెత్తు లేదు. కంపెనీ ఎవరికి అప్పులిస్తోందో, లాభం ఎలా చూపిస్తోందో ఆయనను అడిగి చేయరు. ఇక ఇన్ఫోసిస్. ఆ రోజుల్లో ఉద్యోగులకు షేర్లు ఇచ్చిన కంపెనీల్లో ఎన్ని మూతపడ్డాయో లెక్క తీస్తే, అప్పుడు చెప్పుకుందాం. ఓడిపోయిన పందెం కోడి గురించి ఎవరూ పండగ మర్నాడు మాట్లాడరు.

ఇప్పుడు మీ ప్రశ్న. మీరు మామిడిపండుతో పోల్చారు కదా, తేడా అక్కడే ఉంది. మామిడిపండు ఆయన కొంటారు. ఈ షేర్లు ఆయన కొనలేదు, వచ్చి చేరాయి. ఏడాదికోసారి ఒక ఉత్తరం వస్తుంది, ఇన్ని ఆప్షన్లు ఇచ్చాం, ఇన్నేళ్లలో మీ సొంతమవుతాయి అని. ఏ రోజూ ఆయన బజారుకు వెళ్లి, జేబులోంచి డబ్బు తీసి, ఇది కొననా వద్దా అని వాసన చూడలేదు. కొనేటప్పుడు పనిచేసే జాగ్రత్త, వచ్చి పడినదాని మీద పనిచేయదు. ఉంచుకోవడానికి ఏ నిర్ణయమూ అక్కరలేదు. అమ్మడానికి కావాలి. లాగిన్ కావాలి, కంపెనీలో నిబంధనలు చూసే కంప్లయన్స్ వాళ్లను అడగాలి, ఏ ధరకు అని తలబద్దలు కొట్టుకోవాలి, రేపు పెరిగితే నెత్తిన చేయి పెట్టుకోవాలి.

అయితే మీరు రాసిన గోల్డ్ లోన్ సంగతి నన్ను ఆపేసింది. అది కాస్త విడదీసి చూడండి. మాటవరసకు ఆప్షన్ ధర 200, బజారు ధర 600 అనుకుందాం. గడువులోగా తీసుకోకపోతే 400 రూపాయలు గాలికి పోతాయి. కాబట్టి తీసుకోవడం సరైన పనే. కానీ డబ్బు లేకపోతే పాత షేర్లు కొన్ని అమ్మి కట్టవచ్చు, లేదా కొత్తవి చేతికి రాగానే కొన్ని అమ్మి సర్దవచ్చు. ఆ రెండూ చేయలేదు. అంటే మీ గాజులు ఆప్షన్లు తీసుకోవడానికి తాకట్టుకు వెళ్లలేదు. ఉన్న షేర్లు అమ్మకుండా ఉండడానికి వెళ్లాయి. బ్యాంకు భాషలో దీన్ని అప్పు చేసి షేర్లు కొనడం అంటారు. ఆ మాట మీ వారితో అంటే ఒప్పుకోరు. తను కొన్నానని ఆయనకు అనిపించదు కదా.

మా గుంటూరులో మిర్చి వ్యాపారికి అప్పు ఇచ్చేవాళ్లం. కోల్డ్ స్టోరేజీలో ఉన్న మిర్చి టిక్కీల (బస్తాల) మీద అప్పు ఇచ్చాక, అదనపు హామీగా మరో కోల్డ్ స్టోరేజీ రసీదు తెస్తే తీసుకునేవాళ్లం కాదు. పొలమో ఇల్లో చూపించమనేవాళ్లం. యార్డులో ధర పడిన రోజున రెండు రసీదులూ కలిసే పడతాయి. మీరు కాగితం మీద రాసుకున్న మూడు వరుసలూ అలాంటివే.

"లోపలి సంగతులు తెలుసు" అన్నమాట దగ్గర కొంచెం ఎక్కువసేపు కూర్చుంటాను, మిగతా మూడింటికీ బలం ఇచ్చేది అదే.

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ బయటికి వచ్చింది. అప్పటికి ఆ కంపెనీలో దాదాపు 53 వేల మంది ఉద్యోగులు. మన జిల్లాల పిల్లలు ఎంతమందో. లేఖలో ఉన్నది ఇది: ఖాతాల్లో చూపిస్తున్న 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేవు. ఆ ఒక్క రోజులో షేరు సుమారు 78 శాతం పడింది. 179 దగ్గర ఉన్నది 40 దగ్గర ఆగింది.

ఆ పిల్లలు తెలివితక్కువ వాళ్లా? కాదు. వాళ్లకు లోపలి సంగతులు బాగా తెలుసు. రాసిన ప్రోగ్రాములు నిజం, మాట్లాడిన విదేశీ క్లయింట్లు నిజం, చేసిన రాత్రి షిఫ్టులు నిజం. కళ్లముందు ఉన్నదంతా నిజమే కాబట్టి కంపెనీ మొత్తం నిజమనుకున్నారు. అబద్ధం ఉన్నది వాళ్ల బల్ల మీద కాదు, బ్యాంకు నిల్వల వరుసలో. బయటివాడికైనా కాస్త అనుమానం ఉంటుంది, తనకు ఏమీ తెలియదని తెలుసు కనుక. లోపలివాడికి తనకు తెలిసిన మూల చూసి ఇల్లంతా తెలుసన్న ధైర్యం వస్తుంది. మీ వారికి వసూళ్లు తెలిసి ఉండవచ్చు, విజయవాడ బ్రాంచి సంగతి తెలిసి ఉండవచ్చు. ముంబైలో పెద్ద ఖాతాలకు ఇచ్చిన అప్పులు తెలుసా?

ఒకవేళ తెలుసు అనుకుందాం, నిజంగానే బయటికి రాని సమాచారం తెలుసు. అప్పుడు దాన్నిబట్టి కొనడం, అమ్మడం నేరం. స్టాక్ మార్కెట్‌ను అదుపుచేసే సెబీ 2015లో పెట్టిన నిబంధనలు అందుకే ఉన్నాయి. అలాంటి సమాచారం చేతికి అందే ఉద్యోగులకు త్రైమాసికం ముగిసిన నాటి నుంచి ఫలితాలు వెలువడిన 48 గంటల దాకా ఆ షేరు కొనడానికీ అమ్మడానికీ తలుపు మూసేస్తారు. కాబట్టి ఆయనకు తెలిసిన లోపలి సంగతి అయితే అందరికీ తెలిసినదే అయి ఉండాలి, కాకపోతే వాడుకోకూడనిదై ఉండాలి. రెండు దారుల్లోనూ అది ఆ షేరు ఉంచుకోవడానికి కారణం కాలేదు.

"పడినప్పుడల్లా లేచింది" అన్నదానికి ఒక పరిశోధన ఉంది. ష్లోమో బెనార్ట్జి అనే ఆర్థికవేత్త 2001లో ప్రచురించాడు. అమెరికాలో ఉద్యోగులు రిటైర్మెంటు ఖాతాలో తమ ఇష్టప్రకారం వేసే డబ్బులో సొంత కంపెనీ షేర్లకు ఎంత ఇస్తున్నారో చూశాడు. గడిచిన పదేళ్లలో షేరు బాగా పెరిగిన కంపెనీల్లో సుమారు 40 శాతం. బాగా దెబ్బతిన్న కంపెనీల్లో సుమారు 10 శాతం. అంటే ఉద్యోగులు చూస్తున్నది లోపలి సంగతులు కాదు, గోడ మీది గ్రాఫు. ఎక్కువ పెట్టిన చోట ఆ తర్వాత ఎక్కువ లాభం వచ్చిందా అంటే, అదీ లేదు. ఇంకో సంగతి కూడా బయటపడింది. కంపెనీ తన వాటాను షేర్ల రూపంలో ఇచ్చిన చోట, ఉద్యోగి తన సొంత డబ్బు కూడా ఆ షేర్లలోనే ఎక్కువ పెట్టాడు. యజమాని ఇచ్చాడంటే మంచిదని చెప్పినట్టే అని అర్థం చేసుకున్నాడు. ఈసాప్ ఉత్తరం చదివిన ప్రతివాడూ అలాగే అర్థం చేసుకుంటాడు.

అమెరికాలో ఎన్రాన్ అనే ఇంధన కంపెనీ కథ మీరు వినే ఉంటారు. 2000 చివరికి దాని ఉద్యోగుల రిటైర్మెంటు నిధిలో 60 శాతానికి పైగా ఆ కంపెనీ షేర్లే. 2000 ఆగస్టులో షేరు 90 డాలర్లు, 2001 డిసెంబరు 2న దివాలా పిటిషన్. ఉద్యోగం, పొదుపు కలిసే పోయాయి. మన దగ్గర ఈపీఎఫ్ సొమ్ముతో ఉద్యోగి తన కంపెనీ షేర్లు కొనే ఏర్పాటు లేదు, అంతవరకు మీరు నయం.

"అందరూ ఉంచుకున్నారు" అన్న మాటను నేను తీసిపారేయను. ఆయన చెప్పిన నాలుగింటిలో అన్నిటికన్నా నిజాయితీ ఉన్నది అదే. ఎవరైనా షేర్లు అమ్మారని తెలిస్తే ఆఫీసులో మొదట వచ్చే ప్రశ్న, "ఏమిటి, వేరే చోట చూసుకుంటున్నావా?" అని. పై అధికారి చెవిన పడితే ప్రమోషన్ దగ్గర గుర్తుకు వస్తుందేమోనన్న భయం. ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేశామన్న భావం మనవాళ్లలో మరీ ఎక్కువ. ఉద్యోగం ఎలాగూ ఆయన శ్రమను తీసుకుంటోంది, నెలకు జీతం ఇస్తోంది; ఆ లెక్క నెలనెలా తీరిపోతోంది. షేరు పేరుతో మరో విశ్వాసం బాకీ లేదు. ఇది ఆయనకు మీరు చెబితే ఎక్కదు, నాలాంటి రిటైరైన వాడు చెబితే ఎక్కుతుందేమో.

పరిచయం కూడా మనిషిని లాగుతుంది. అమెరికాలో స్థానిక ఫోను కంపెనీల మీద గుర్ హ్యూబర్మన్ 2001లో రాసిన పరిశోధనలో, జనం తమకు ఫోను సేవ ఇచ్చే కంపెనీ షేర్లనే ఇతర ప్రాంతాల ఫోను కంపెనీల కంటే ఎక్కువగా పట్టుకున్నారని తేలింది. మనకు అంత దూరం ఎందుకు. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు మచిలీపట్నంలో పెట్టిన ఆంధ్రా బ్యాంకు షేర్లను "మన బ్యాంకు" అని ఉంచుకున్న ఖాతాదారులు మా వీధిలోనే ఉన్నారు. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసినప్పుడు 1000 షేర్లకు 325 యూనియన్ బ్యాంకు షేర్లు వచ్చాయి. అది మంచిదా చెడ్డదా అన్నది వేరే విషయం. ఆ బదిలీ నిష్పత్తి లెక్క కట్టినవాడు ఎవరి అభిమానాన్నీ లెక్కలోకి తీసుకోలేదు.

మీ వారిది ఫైనాన్సు రంగం కాబట్టి ఒక మాట. మిగతా కంపెనీలు చాలావరకు మెల్లగా కుంగుతాయి. అప్పు తెచ్చి అప్పు ఇచ్చే కంపెనీకి నమ్మకం పోతే వారాలు కూడా పట్టదు. హైదరాబాదులో గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు మీద 2004 జులై 24న మారటోరియం, అంటే డబ్బు తీసుకోవడం మీద తాత్కాలిక ఆంక్ష, పెట్టారు, ఆగస్టు 14న ఓరియంటల్ బ్యాంకులో కలిపేశారు. డిపాజిటర్ల డబ్బు దక్కింది. వాటాదారులకు సున్నా. 2020 నవంబరులో లక్ష్మీ విలాస్ బ్యాంకును డీబీఎస్‌లో కలిపినప్పుడూ అంతే, షేర్లు మొత్తం రద్దయ్యాయి. మీ వారి కంపెనీకి అలా అవుతుందని నేను అనడం లేదు. ఆ రెండు బ్యాంకుల ఉద్యోగులూ అంతకు ముందు నెల అలా అవుతుందని అనుకోలేదు.


గన్నవరం ఐటీ:

బాబాయి గారు పన్ను సంగతి వదిలేశారు, అది నేను చెబుతాను. నేను ఒక అమెరికన్ కంపెనీకి ఇక్కడి నుంచే పనిచేస్తాను, నాకూ షేర్లు వస్తాయి.

అక్కా, "అమ్మితే పన్ను" అన్నది చాలావరకు అపోహ. ఈసాప్‌లో పెద్ద పన్ను షేరు చేతికి వచ్చిన రోజునే పడిపోయింది. బాబాయి గారి లెక్కలో 200కు తీసుకుని బజారు ధర 600 ఉంటే, ఆ 400 జీతంలో కలిపి శ్లాబు ప్రకారం పన్ను వేస్తారు. మీరు గోల్డ్ లోన్ తీసుకుని కట్టినదాంట్లో అదీ ఉంది. ఇక అమ్మేటప్పుడు కొన్న ధర 200 కాదు, 600 అని లెక్క. మర్నాడే 600కు అమ్మితే అదనపు పన్ను దాదాపు ఏమీ ఉండదు. ఏడాది దాటాక అమ్మితే, ఆర్థిక సంవత్సరంలో 1.25 లక్షల లాభం దాకా పన్ను లేదు, ఆ పైన 12.5 శాతం. ఏడాదిలోపు అయితే 20 శాతం. 2024 జులై 23 నుంచి ఇవే రేట్లు. అదీ లాభం మీదే, మొత్తం మీద కాదు.

భయపడాల్సింది రెండో వైపు. 600 దగ్గర జీతపు పన్ను కట్టాక షేరు 300కు పడితే, కట్టిన పన్ను వెనక్కి రాదు. మూలధన నష్టం అని చూపించుకోవచ్చు, 8 ఏళ్లు ముందుకు తీసుకువెళ్లవచ్చు, కానీ దాన్ని జీతంలోంచి తగ్గించుకోలేరు. లేని డబ్బుకు పన్ను కట్టినట్టు అవుతుంది.

నా వాటి విషయంలో ఇంకో చిక్కు ఉంది, ఇక్కడ చాలామందికి పనికొస్తుంది కాబట్టి రాస్తున్నాను. అమెరికా షేర్లు మన పేరు మీద 60,000 డాలర్లకు మించి ఉండి మనం పోతే, అక్కడ ఉండని, అక్కడి పౌరులం కాని మనలాంటి వారి ఆస్తి మీద 40 శాతం దాకా ఎస్టేట్ పన్ను పడవచ్చు. మా టీములో ఈ సంగతి తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూల్ ఏటా నింపాలి కూడా. దాచినట్టు తేలితే 10 లక్షల జరిమానా పడవచ్చు.

నేను షేర్లు ఖాతాలో పడిన వారంలోనే అమ్మేసి, చాలా కంపెనీల షేర్లు కలిపి ఉండే ఇండెక్స్ ఫండులో వేస్తాను. నాకు ఎక్కువ తెలివి ఉండి కాదు. మా మేనేజరు సియాటిల్‌లో ఉంటాడు, నేను కేసరపల్లిలో ఉంటాను. అమ్మానో లేదో ఎవరికీ తెలియదు. "ఇంకో చోట చూసుకుంటున్నావా" అని అడిగేవారు లేరు. మీ వారి పక్క బల్లలో కూర్చుంటే నేను కూడా ఉంచుకునేదాన్నేమో.


లబ్బీపేట కోడలు:

అందరికీ ధన్యవాదాలు. ఆదివారం మధ్యాహ్నం ఆయనకు ఫోనులో ఇది చదివి వినిపించాను. సత్యం సంగతి దగ్గర "మా కంపెనీ సత్యం కాదు" అన్నారు. గోల్డ్ లోన్ పేరా దగ్గర మాత్రం ఫోను తన చేతిలోకి తీసుకుని మళ్లీ చదివారు. ఏమీ అనలేదు. సాయంత్రం టీ తాగుతూ అన్నారు, "కిందటేడు వచ్చిన గరిష్ఠ ధర మళ్లీ వస్తే సగం తీసేస్తాను" అని. ఇప్పుడు ధర దానికంటే ఐదో వంతు తక్కువ ఉంది. ఇది ఒప్పుకోవడమా, వాయిదా వేయడమా అన్నది నాకు అర్థం కావడం లేదు.


బ్రాడీపేట నాలుగో లైను:

వాయిదాయే అమ్మా, కానీ మొదటిసారి "అమ్ముతాను" అన్న మాట వచ్చింది, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

గరిష్ఠ ధర మార్కెట్‌కు గుర్తుండదు, మనకే గుర్తుంటుంది. యెస్ బ్యాంకు 2018 ఆగస్టులో 400 దగ్గర ఉంది. 300 అయినప్పుడు 400 వస్తే అమ్ముదామనుకున్నారు, 200 అయినప్పుడు 300 వస్తే చాలనుకున్నారు. 2020 మార్చి 5న మారటోరియం వచ్చింది, మర్నాడు ఒక దశలో 6 రూపాయల లోపు పలికింది. ఆ తర్వాత వచ్చిన పునర్నిర్మాణ పథకంలో 100 షేర్లకు మించి ఉన్నవారి వాటాలో 75 శాతాన్ని మూడేళ్లు అమ్మడానికి వీల్లేకుండా బిగించేశారు. అమ్ముదామన్నా అమ్మలేని రోజు ఒకటి వస్తుందని నేను కూడా అప్పుడే చూశాను, అదీ ఒక బ్యాంకు షేర్లో.

ధర బదులు తేదీ అడగండి. ఫలితాలు వచ్చి అమ్మకాలకు తలుపు తెరిచిన ప్రతిసారీ ఇన్ని షేర్లు అని, ధర చూడకుండా. ముందు కిందటేడు తీసుకున్న ఆ కొత్త షేర్లే అమ్మమనండి. గన్నవరం అమ్మాయి చెప్పినట్టు వాటి మీద లాభం తక్కువ కాబట్టి పన్నూ తక్కువ. ఒకే డీమ్యాట్ ఖాతాలో పాతవీ కొత్తవీ కలిసి ఉంటే పన్ను లెక్కకు ముందు వచ్చినవే ముందు అమ్మినట్టు చూస్తారు, ఆ సంగతి ఆడిటరును ఒకసారి అడగండి. వచ్చిన డబ్బు మొదట గోల్డ్ లోనుకు. సగం అనే మాటకు నేను పట్టుబట్టను, ఒక్క విడత అమ్మితే రెండో విడత ఆయనే అమ్ముతారు. తను అమ్మిన మర్నాడు కూడా ఆఫీసులో ఫ్యాన్ తిరుగుతూనే ఉందని చూస్తారు కదా.

ఇంటి అప్పు పత్రంలో ఉద్యోగం మానేస్తే వడ్డీ ఎంత అవుతుందో, ఎన్నాళ్లలో మారుతుందో ఆ నిబంధన కూడా చదివి పెట్టుకోండి.


ఆటోనగర్:

మాస్టారూ, మీతో పూర్తిగా ఏకీభవించను. ఉద్యోగి డబ్బు కంపెనీలో ఉంటే పనిలో శ్రద్ధ ఉంటుంది, నా మేస్త్రీకి వాటా ఇచ్చాక షెడ్డులో ఇనుము వృథా కావడం తగ్గింది. అది నా అనుభవం.

సరే, నాకు ఒక సొంత సందేహం. మా పెద్దబ్బాయి పనిచేసే కంపెనీ ఐపీఓకు, అంటే మొదటిసారి జనానికి షేర్లు అమ్మడానికి, వస్తోంది. ఉద్యోగులకు ప్రత్యేక కోటా, ధరలో తగ్గింపు కూడా ఉందట. వాడు అప్పు చేసి అయినా వేస్తానంటున్నాడు. మీరు చెప్పినవన్నీ దీనికీ వర్తిస్తాయా?


బ్రాడీపేట నాలుగో లైను:

మేస్త్రీ సంగతి ఒప్పుకుంటాను. పదిమంది పనిచేసే షెడ్డులో అతని చేతి పని మీ లాభంలో కనిపిస్తుంది. వేలమంది ఉన్న కంపెనీలో ఒక్కడు ఎంత కష్టపడినా షేరు ధర కదలదు.

మీ అబ్బాయి సంగతి. తగ్గింపు ఉంటే వేయమనండి, అప్పు మాత్రం వద్దు. తగ్గింపు ఉన్నంత మాత్రాన లాభం ఖాయం కాదు. 2022లో ఎల్ఐసీ ఐపీఓ ధర 949, ఉద్యోగులకు 45 తగ్గించి 904కు ఇచ్చారు. మే 17న ముంబై స్టాక్ ఎక్స్ఛేంజీ బీఎస్ఈలో 867 దగ్గర మొదలైంది. తగ్గింపు మొదటి నిమిషంలోనే కరిగిపోయింది. 2024లో వెయ్యి దాటింది, ఆగగలిగినవాడు ఆగాడు. అప్పు తెచ్చి వేసినవాడికి ఆ మధ్య కాలమంతా వడ్డీ కదా.

ఉద్యోగుల కోటాలో ఒక్కొక్కరికి మామూలుగా 2 లక్షల విలువ దాకానే ఇస్తారు, కోటా మిగిలిపోతేనే 5 లక్షల దాకా వెళుతుంది. కాబట్టి అంతకు మించి అప్పు తెచ్చినా పని లేదు. ఉద్యోగుల కోటాతో పాటు, చిన్న మదుపరుల కోసం ఉండే రిటైల్ కోటాలో విడిగా ఇంకో దరఖాస్తు కూడా వేయవచ్చు, రెండిటికీ ఒకే పాన్ అయినా ఫరవాలేదు. దరఖాస్తు వాడి పేరు మీదే, వాడి డీమ్యాట్ నుంచే వేయాలి. మీ ఖాతా నుంచి వేస్తే ఉద్యోగుల కోటా కింద తిరస్కరిస్తారు.